పార్కు చెట్లకి బోర్డులు రాయించాం, పేర్లు మారిపోయాయట. ఇప్పుడేం చేయాలి?

కాలనీ_సుజాత
మాది ఈసీఐఎల్ వైపు కాలనీ. లేఅవుట్ వేసినప్పుడు బండలు పగలగొట్టడం ఖర్చని ఒక మూల గుట్టని అలాగే వదిలేశారు. దాన్నే పార్కు చేసుకున్నాం. నల్ల తుమ్మ, చండ్ర, జమ్మి, తంగేడు, రేల, వేప, అన్నీ ఎవరూ నాటకుండా మొలిచినవే. ఈ వేసవిలో చందాలు వేసుకుని 32 రేకు బోర్డులు రాయించాం. పైన తెలుగు పేరు, కింద శాస్త్రీయ నామం. మొక్కల వివరాలుండే పాత ఫ్లోరా పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని, అక్షరం తప్పు పోకుండా నాలుగు సార్లు సరిచూసి పెయింటర్‌కి ఇచ్చాను.

నిన్న డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు వచ్చి బోర్డులన్నీ ఫొటోలు తీసుకుంటుంటే ఎంత సంతోషం వేసిందో. వెళ్ళేముందు మెల్లగా "ఆంటీ, వీటిలో నాలుగు పాత పేర్లు" అంది. నల్ల తుమ్మ అకేసియా కాదట. చండ్ర కూడా కాదట. తంగేడు కాసియా కాదట. సర్కారు తుమ్మ ప్రోసోపిస్ కాదట, జమ్మి మాత్రం ప్రోసోపిసేనట. రాత్రి నిద్ర పట్టలేదు. చెట్టు మారలేదు కదా, పేరెందుకు మారింది? ఎవరు మారుస్తారు? మళ్ళీ మారదని నమ్మకం ఏమిటి?

తుమ్మబంక
మేం చదివినప్పుడు అకేసియా అరబికా. మా తమ్ముడి టైముకి అకేసియా నిలోటికా. ఇప్పుడు ఇంకోటా?

హెర్బేరియం_గది
ఆ అమ్మాయి చెప్పిన నాలుగూ కరెక్టే మేడం. ముందు తుమ్మ సంగతి చెప్తాను.

మన ఇంటిపేర్ల పద్ధతే అనుకోండి. మనకి ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. మొక్కలకీ అంతే, ప్రజాతి ముందు, జాతి వెనక. నల్ల తుమ్మ సొంత పేరు నిలోటికా. అది పోలేదు. మారింది ఇంటిపేరు. ఇప్పుడు వాకెల్లియా నిలోటికా అంటాం. చండ్ర సెనెగాలియా ఇంటికి వెళ్ళింది.

అకేసియా అనే పేరు కింద వెయ్యికి పైగా జాతులు పోగుపడ్డాయి. ముళ్ళూ పువ్వులూ చూసి, తర్వాత డీఎన్ఏ కూడా చూసి, ఇవన్నీ ఒక తల్లి పిల్లలు కావని తేల్చారు. మీ గుట్ట మీదే చూడొచ్చు. నల్ల తుమ్మ ముళ్ళు తెల్లగా, తిన్నగా, ఆకు మొదట్లో జంటగా ఉంటాయి. పువ్వు పసుపు బంతి. ఆ బంతిని మోసే కాడని గోటితో తడిమి చూడండి, మధ్యలో చిన్న పొలుసులు ఉంగరంలా తగులుతాయి. చండ్ర ముళ్ళు పొట్టిగా, పిల్లిగోరులా వంకర. పువ్వులు బంతిగా రావు, కంకిగా వస్తాయి. రెండు కొమ్మలు పక్కపక్కన పెడితే పుస్తకం అక్కర్లేదు.

పాలమూరు_పోరడు
మరి అకేసియా పేరు ఎవరికి మిగిలింది?

హెర్బేరియం_గది
ఆస్ట్రేలియా చెట్లకి. ఇది కొంచెం నొప్పి కలిగించే కథే. ఒక ప్రజాతిని విడగొడితే, ఆ పేరు ఏ మొక్క మీద నిలబడిందో, అంటే టైప్ ఏదో, ఆ ముక్కకే పాత పేరు దక్కాలి. అకేసియాకి టైప్ మన నల్ల తుమ్మే. రూలు ప్రకారం పోతే పేరు మనకి ఉండాలి. కానీ ఆస్ట్రేలియా వైపు దాదాపు వెయ్యి జాతులున్నాయి, వాటన్నిటి పేర్లూ మార్చాల్సొస్తుందని టైపునే మార్చాలన్నారు. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర కాంగ్రెస్‌లో దీని మీద ఓటింగ్ జరిగింది. సగానికి పైగా వద్దనే వేశారు. కానీ టైపు మార్చమన్న పేర్ల కమిటీ సిఫార్సుని తోసేయాలంటే 60 శాతం కావాలి, అది రాలేదు. 2011లో మెల్‌బోర్న్‌లో మళ్ళీ గొడవ జరిగింది, నిర్ణయం మారలేదు.

పాలమూరు_పోరడు
ఇది అన్యాయం అన్నా. మా తాత నాగలికి తుమ్మ, బండి చక్రానికి తుమ్మ, పండ్లు తోముకోవడానికి తుమ్మ. పేరు మాత్రం ఎక్కడో ఉన్నోళ్ళకి ఇచ్చేశారు. సగం మంది వద్దన్నాక కూడా!

అనంతగిరి_గాలి
బాధ అర్థమైంది తమ్ముడూ, కానీ నిలోటికా అంటే నైలు నదిది అని అర్థం. ఆఫ్రికా వాళ్ళు మనకంటే ఎక్కువ బాధపడ్డారు, వాళ్ళ సవన్నాల నిండా ఈ చెట్లే. మనది అందులో ఇండికా అనే ఉపజాతి. ఒక్క ఊరి చెట్టు కాదు అది.

పాలమూరు_పోరడు
సరే, నైలు వాళ్ళని కూడా కలుపుకుందాం. అయినా అన్యాయమే.

బడి_బోటనీ
నేను జూనియర్ కాలేజీలో పాతికేళ్ళుగా బోటనీ చెప్తున్నాను. పిల్లలు ఫోన్లో కొత్త పేరు చూసి రాస్తారు. పేపర్ దిద్దేవాళ్ళ దగ్గర పాత జవాబుల కీ ఉంటుంది. పోయినేడాది మా స్టూడెంట్‌కి తంగేడు దగ్గర ఒక మార్కు అలాగే పోయింది. వాడు సెన్నా అని రాశాడు, నేనే చెప్పాను అలా రాయమని. వాడి ముఖం చూడలేకపోయాను. పేరు మార్చేవాళ్ళు పుస్తకాలు మార్చేవాళ్ళకి కూడా ఒక మాట చెబితే బాగుంటుంది.

రేలపూలు
బడి_బోటనీ సార్, మీ స్టూడెంట్ రాసిందే నిజం. పైగా అది కొత్త పేరు కూడా కాదు. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 'ఫ్లోరా ఇండికా' 1832లో అచ్చయినప్పుడే తంగేడుని సెన్నా ఆరిక్యులేటా అన్నాడు. తర్వాత వాళ్ళు మళ్ళీ కాసియాలో కలిపేసి నూటయాభై ఏళ్ళు అలాగే రాశారు. 1982లో కాసియాని పద్ధతిగా విడదీశాక పాత మాటే నిలిచింది.

నేను బతుకమ్మ పేర్చేటప్పుడు మా పిల్లలకి చూపిస్తాను. రేల పువ్వు తీసుకోండి, అది ఇప్పటికీ కాసియానే. కేసరాల్లో కింది మూడు పొడుగ్గా, కొంకిలా వంగి బయటికి వస్తాయి. తంగేడు పువ్వులో ఆ పొడవాటి కొంకి కాడలు ఉండవు. రెండూ పసుపే, రెండూ అయిదు రేకలే, ఒక్క నిమిషం అరచేతిలో పెట్టుకుంటే తేడా దానంతట అదే కనిపిస్తుంది. రాష్ట్ర పుష్పం కదా, ఆ మాత్రం తెలియాలి మనకి.

రవి_మారేడుపల్లి
నా అభిప్రాయం వేరు. మామూలు జనానికి ఈ లాటిన్ పేర్లు ఎందుకు? తుమ్మ అంటే తుమ్మ. బోర్డు మీద తెలుగు పేరు చాలు. రెండు చెట్లకి మధ్య ఏ గీత గీశారో మనకి అనవసరం.

జమ్మికింద_నేను
రవి గారూ, అనవసరం అని నేనూ అనుకునేవాణ్ణి. మా అపార్ట్‌మెంట్లో దసరాకి జమ్మి కావాలని ఒక నర్సరీలో రెండు మొక్కలు కొన్నాం. కవర్ మీద 'ప్రోసోపిస్' అని మాత్రమే ఉంది. నీళ్ళు పోసి, కంచె కట్టి, మూడేళ్ళు పెంచాం. ఒకటి జమ్మి అయింది. రెండోది సర్కారు తుమ్మ. దానికి మూడేళ్ళు పసుపు కుంకుమ పెట్టింది మా అమ్మ. పీకేద్దామంటే వేరు గోడ కిందికి పోయింది, నరికిన ప్రతిసారీ చిగురేస్తోంది.

తెలుగులో జమ్మి, సర్కారు తుమ్మ వేరే పేర్లే. కానీ కవర్ మీద రాసేవాడికి రెండూ ప్రోసోపిసే అయ్యాయి.

హెర్బేరియం_గది
ఇది నేను క్లాసుల్లో చెప్పుకోవాల్సిన కేసు. 2022లో ప్రోసోపిస్‌ని విడగొట్టిన పేపర్ సరిగ్గా దీని గురించే. జమ్మి ప్రోసోపిస్ సినరేరియాగా ఉండిపోయింది, దాంతో పాటు ఆసియాకి చెందిన మరో రెండు జాతులే ఆ ప్రజాతిలో మిగిలాయి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన సర్కారు తుమ్మ నెల్ట్యూమా జూలీఫ్లోరా అయింది. ఈసారి పాత పేరు మన చెట్టు దగ్గరే ఉంది, పాలమూరు తమ్ముడు కొంచెం ఊరట పొందొచ్చు.

మొక్క కొనేటప్పుడు ముళ్ళు చూడండి. జమ్మికి ముళ్ళు కొమ్మ పొడవునా, కణుపుల మధ్యలో ఎక్కడపడితే అక్కడ లేస్తాయి. సర్కారు తుమ్మకి ముల్లు కణుపు దగ్గర, ఆకు పంగలోంచి వస్తుంది. జానెడు మొక్కలో కూడా ఇది పనికొస్తుంది.

పాలమూరు_పోరడు
జమ్మి మిగిలింది. చాలు.

రవి_మారేడుపల్లి
మూడేళ్ళ పూజ సంగతి చదివాక నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. మిగతా సగం: ఇంకెన్ని మారతాయి?

అచ్చంపేట_అడవి
మా వైపు చిరుమాను ఉంది కదా, బంక తీసే చెట్టు. మేం అనోగైసస్ లాటిఫోలియా అని నేర్చుకున్నాం. 2017లో ఆ ప్రజాతి మొత్తాన్ని టెర్మినేలియాలో కలిపేశారు. అంటే మద్ది, కరక, తాని ఉన్న ఇంట్లోకి వచ్చి చేరింది. అక్కడ చిక్కొచ్చింది. ఆ ఇంట్లో అప్పటికే లాటిఫోలియా అనే పేరుతో జమైకా చెట్టు ఒకటి ఉంది, 1788 నుంచి. ఒకే ఇంటిపేరుతో ఒకే సొంత పేరు ఇద్దరికి ఉండకూడదు. అందుకని మన చెట్టుకి టెర్మినేలియా అనోగైసియానా అని పెట్టారు. పాత ఇంటిపేరునే సొంత పేరు చేసేశారు. పుట్టింటి పేరు మర్చిపోకుండా దాచుకున్నట్టుంది అది, నాకు చాలా నచ్చింది.

అడవిలో మాత్రం ఎవరిని అడిగినా చిరుమానే.

తుమ్మబంక
ఇంటిపేరు ఉపమానం బాగా పనిచేస్తోంది ఈ చర్చలో. ఇల్లరికం కేసులు కూడా ఉన్నాయా?

హెర్బేరియం_గది
అన్నీ అలాంటివే అన్నా. అందుకే కొత్త పేరు పక్కన పాత పేరు పెట్టినవాడిని బ్రాకెట్‌లో ఉంచుతాం. వాకెల్లియా నిలోటికా పక్కన బ్రాకెట్‌లో, నిలోటికా అని మొదట పేరు పెట్టిన లిన్నేయస్ గుర్తు ఇప్పటికీ ఉంటుంది.

సుజాత మేడం మొదట అడిగిన "మళ్ళీ మారదా" అన్నదానికి జవాబు. మారొచ్చు. రూలు వేరు, అభిప్రాయం వేరు. తుమ్మలన్నీ ఒకే ప్రజాతి అని ఇవాళ కూడా ఒకరు వాదించొచ్చు, వాదన బలంగా ఉంటే గెలవొచ్చు. విడగొట్టడమే సరైనదని ఒప్పుకుంటే మాత్రం మన చెట్టు పేరు వాకెల్లియానే, అందులో ఇష్టాయిష్టాలు లేవు.

కాలనీ_సుజాత
ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ రుణపడి ఉంటాను. పొద్దున వెళ్ళి చండ్ర, తుమ్మ కొమ్మలు పక్కపక్కన పెట్టాను. ఆ ఉంగరం గోటికి నిజంగానే తగిలింది! పదేళ్ళుగా ఆ చెట్టు కింద కూర్చుంటున్నాను.

ఇంకోటి అడగాలి. గుట్ట వెనక పాత చెదల పుట్ట ఉంది. మొన్నటి వానకి దాని పక్కన ఒకటి లేచింది. జానెడు పొడవు, తెల్లగా ఉంది. గొడుగులా విప్పుకోలేదు. కోడిగుడ్డుని సాగదీసి కాడకి గుచ్చినట్టుంది, మీద పొలుసులు. పుట్టగొడుగే కదా? దానికీ బోర్డు పెడదామని మా మనవడి పట్టు.

సికింద్రాబాద్_వంటిల్లు
పుట్ట దగ్గర వచ్చిందంటే తినేదే. మా అమ్మమ్మ ఉల్లిపాయ కారం వేసి వండేది.

పుట్టగొడుగుల_వాణి
ఎవరూ వండకండి, దయచేసి. పుట్ట దగ్గర వచ్చినవన్నీ ఒకటి కావు.

మీ అమ్మమ్మ గారు వండినవి టెర్మిటోమైసిస్ అయి ఉంటాయి. అవి గొడుగు విప్పుకుంటాయి, టోపీ నడిమధ్య చిన్న మొన ఉంటుంది, పీకితే కాడ కింద పొడవాటి వేరులాంటిది నేలలోకి పోతూనే ఉంటుంది. అది పుట్ట లోపల చెదలు పెంచుకునే బూజు తోట దాకా వెళ్తుంది. చెదలే దాన్ని సాగు చేస్తాయి. 'పుట్టగొడుగు' అన్న మాటలో మనవాళ్ళు ఆ సంబంధాన్ని ఎప్పుడో పట్టుకున్నారు. టెర్మిటోమైసిస్ అనే ప్రజాతి పేరు 1942లో వచ్చింది. దక్షిణ భారతంలో బాగా తినే టెర్మిటోమైసిస్ హైమియైకి 1979 దాకా శాస్త్రంలో పేరే లేదు. ఎన్ని తరాలు తిన్నామో చూడండి, పేరు లేకుండా.

సుజాత గారు చెప్పింది విప్పుకోని రకం. నాకు పోడాక్సిస్ అనిపిస్తోంది. అది ఎండు నేలల శిలీంధ్రం. ఒకటి నిలువునా కోసి చూడండి. కాడ టోపీ కొస దాకా పోయి ఉంటే, చుట్టూ ముదురు పొడి ఉంటే అదే. గొడుగు విప్పితే లోపలి పొరలు ఎండకి ఎండిపోతాయి, అందుకే మూసుకునే ఉండి, బాగా ముదిరాక పై పొర చిరిగి పొడి గాలికి పోతుంది.

రవి_మారేడుపల్లి
దీని పేరు ఎన్నిసార్లు మారింది?

పుట్టగొడుగుల_వాణి
కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త మన దేశం నుంచి పంపిన నమూనా చూసి లిన్నేయస్ 1771లో లైకోపెర్డాన్ పిస్టిల్లారే అన్నాడు. లైకోపెర్డాన్ అంటే పొడి చిమ్మే ఉండల రకం. లోపల పొడి ఉంది కాబట్టి ఆ ఇంట్లో పెట్టాడు. డీఎన్ఏ చూస్తే ఇది గొడుగులు విప్పే పుట్టగొడుగులకి దగ్గరి చుట్టం. ఆకారం చూసి మోసపోయాం.

అక్కడితో అయిపోలేదు. చాలాకాలం ప్రపంచంలో ఎక్కడ కనిపించినా పోడాక్సిస్ పిస్టిల్లారిస్ అని రాసేశారు, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికా అన్నీ. 2023లో ఆ గుంపుని సరిచేసి మరో ఐదు కొత్త జాతులు వర్ణించారు. అందుకే మన నేల నుంచి తేదీ, చోటు రాసిన మంచి నమూనాలు కావాలి. అసలు పేరు మన దేశపు నమూనా మీద పెట్టింది కదా, దానికి సాక్ష్యం కూడా మన దగ్గరే దొరకాలి.

శిలీంధ్రాల్లో పేరు పెట్టినవి లక్షన్నరకి పైన. ఉన్నవి 22 నుంచి 38 లక్షలని 2017 అంచనా. మీ గుట్ట వెనక లేచినదానికి పేరు ఉందో లేదో కూడా ముందే చెప్పలేం. నాకు ఈ పనిలో ఉన్న సంతోషమంతా అదే.

వేపనీడ
వాణి గారూ, మా వీధి వేపలు 2021లో కొసల నుంచి మాడుతూ వచ్చాయి, గుర్తుండే ఉంటుంది, అన్ని జిల్లాల్లోనూ అంతే. ఒకరు ఫోమోప్సిస్ అన్నారు, ఇంకొకరు డయపోర్తే అన్నారు. రెండు రోగాలేమో అని రెండు మందులు కొన్నాను.

పుట్టగొడుగుల_వాణి
ఒకటే. వేప కొసలు ఎండబెట్టే ఆ శిలీంధ్రానికి 1997లో కర్ణాటక వాళ్ళు ఫోమోప్సిస్ అజాడిరాక్టే అని పేరు పెట్టారు. అప్పట్లో శిలీంధ్రాలకి రెండేసి పేర్లు ఉండేవి, లైంగిక దశకి ఒకటి, అలైంగిక దశకి ఒకటి. 2011లో ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అని తేల్చారు. ఫోమోప్సిస్, డయపోర్తే ఒకే ప్రజాతి, అందులో పాతదైన డయపోర్తే నిలిచింది. అప్పుడు టీ దోమ కూడా తోడైంది, అది పురుగు, దాని సంగతి వేరు. మీ రెండో మందు డబ్బులు మాత్రం ఈ రెండు పేర్ల వల్లే పోయాయి, బాధగా ఉంది.

వేపనీడ
చెట్టు చిగురించింది. పోనీలెండి.

కుందేటికొమ్ము
ఒక సంతోషమైన పేరు చెప్తాను. రాళ్ళ సందుల్లో కుందేటి కొమ్ములు మొలుస్తాయి కదా, నాలుగు పలకల కాడలు, ఆకులున్నట్టే కనపడవు, కొసన సన్నబడి చిన్న ముదురు రంగు పువ్వులు వేలాడతాయి. మా ఇంట్లో పచ్చడి చేస్తారు. దాని ప్రజాతి కారల్లుమా. ఆ మాట తెలుగే! రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ మొక్కల పుస్తకంలో దీని బొమ్మ వేయించి, తెలుగువాళ్ళు 'కారల్లం' అంటారని రాసుకున్నాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఆ మాటనే ప్రజాతి పేరు చేశాడు.

అనంతగిరి_గాలి
అరబ్బీ అని కూడా చదివాను, మాంసం పుండు అనే అర్థం వచ్చే మాట నుంచి, పువ్వు వాసన వల్ల.

కుందేటికొమ్ము
అది తర్వాత వాళ్ళు చెప్పిన ఊహ. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఏళ్ళ తరబడి తెలుగువాళ్ళ మధ్య ఉన్నాడు, తన చెవితో విని రాసుకున్నాడు. నేను ఆయన వైపే. 2017లో కారల్లుమాని సెరోపీజియాలో కలిపేద్దామన్నారు. అందరూ ఒప్పుకోలేదు. నేనైతే ఆ తెలుగు మాట పోకూడదని కోరుకుంటున్నాను. శాస్త్రం కోరికల మీద నడవదని తెలుసు, అయినా కోరుకుంటాను.

సికింద్రాబాద్_వంటిల్లు
బిర్యానీ మసాలాలో వేసే పత్తర్ ఫూల్ కూడా మీ లెక్కలోకి వస్తుందా?

పుట్టగొడుగుల_వాణి
వస్తుంది. అది లైకెన్, శిలీంధ్రం, శైవలం కలిసి బతికే కాపురం. కానీ రూలు ప్రకారం లైకెన్ పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది. పాత పుస్తకాల్లో పార్మీలియా, ఇప్పుడు పార్మోట్రీమా. రుచి అదే.

కాలనీ_సుజాత
మా కమిటీలో మాట్లాడాను. తెలుగు పేరు పెద్ద అక్షరాల్లో పెయింట్‌తో అలాగే ఉంచుతాం. శాస్త్రీయ నామం చిన్న పలక మీద రాసి రెండు స్క్రూలతో బిగిస్తాం, మారితే పలక మారుస్తాం. కింద 'పాత పేరు' అని ఒక వరుస కూడా రాయిస్తాను, బడి_బోటనీ సార్ పిల్లల కోసం.

బడి_బోటనీ
ఆ పాత పేరు వరుస తప్పకుండా ఉంచండి మేడం. మా పిల్లలని తీసుకొస్తాను.

కాలనీ_సుజాత
వాణి గారూ, కోసి చూశాను. కాడ టోపీ కొస దాకా ఉంది. చుట్టూ కాఫీ పొడిలాంటి పొడి, ఇంకొంచెం నల్లగా, వేలికి అంటుకుంటే పోవట్లేదు. పక్కన ఇంకో రెండు లేస్తున్నాయి, వాటిని ముట్టుకోలేదు.

పుట్టగొడుగుల_వాణి
చాలా మంచి పని చేశారు. కోసినదాన్ని ఫ్రిజ్‌లో కవర్లో పెట్టకండి, కుళ్ళిపోతుంది. కాగితం సంచిలో వేసి గాలి తగిలే చోట ఉంచండి. తేదీ, చోటు, పుట్టకి ఎంత దూరం, చుట్టూ ఏ గడ్డి ఉంది, ఇవన్నీ ఇవాళే రాయండి, రేపు మర్చిపోతారు. కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీయండి. మిగతా రెండిట్లో ఒకటి అలాగే వదిలేద్దాం, పొడి గాలికి పోవాలి. ఆదివారం నేను రావచ్చా? ఎండబెట్టే డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ నేను తెస్తాను.

హెర్బేరియం_గది
నేనూ వస్తాను. చండ్ర, కుందేటి కొమ్ములు పూతలో ఉంటే కోసి, ఆరబెట్టి హెర్బేరియం షీట్లు వేద్దాం. అది కాలనీ స్థలం కాబట్టి ఇబ్బంది లేదు. రిజర్వ్ ఫారెస్ట్‌లో అయితే పర్మిషన్ లేకుండా ఎవరూ కోయకండి.

కాలనీ_సుజాత
ఇద్దరూ రండి. ఏడు దాటితే బండ కాలుతుంది, ఆరింటికి గేటు తీయించి ఉంచుతాను. పాత పేపర్లు ఒక కట్ట, చాకు, టిఫిన్ నా బాధ్యత. ఆ డిగ్రీ అమ్మాయికి కూడా ఫోన్ చేశాను, వస్తానంది.